మాస్టారి సంతకం

“మీ స్కూల్లో ఒక్కడైనా చెడ్డవాడు లేడేటండీ?” అని తనిఖీకొచ్చిన అధికారి ఓసారి గణపతిరావు మాస్టారిని మొహమ్మీదే అడిగాడు. ప్రతి సర్టిఫికెట్ మీదా ‘నడవడిక మంచిది’ అనే ఉంటే అడగడా మరి! రిటైరయినా చోడవరంలో ఆయన వీధరుగు మీదికి కాగితాలు వస్తూనే ఉంటాయి. కళ్లజోడు నుదుటి మీదే ఉంచుకుని, చదవకుండా సంతకం గీసేస్తారు.

మొన్న మాత్రం కళ్లజోడు కిందికి దిగింది. పక్కవీధి చిన్నమ్మి తెచ్చిన కాగితం ఇంగ్లండులో, లెస్టర్‌లో ఉన్న ఆమె కొడుకు సత్తిబాబుది. బ్రిటిష్ పౌరసత్వం కావాలంటే, వాణ్ని బాగా ఎరిగిన టీచరులాంటి ఉద్యోగస్తుడొకరు, రిటైరయినా సరే, వాడు మంచివాడేనని సంతకం పెట్టాలి. రేపే వేలిముద్రల అపాయింట్‌మెంటు. మాస్టారు తప్ప వాళ్లకి వేరే దిక్కులేదు. చిన్నమ్మి వీడియోకాల్ కలిపి ఫోను ఆయన ముందు పట్టుకుంది. “బేగి ఎట్టండి బాబూ, ఇంకేటి సూత్తన్నారు? మీ సేతికింద సదివిన గుంటడే కదా!” “ఉండు చిన్నమ్మీ, అబద్ధం చెబితే జరిమానా అంటన్నాడు ఈ కాగితంలో. ఒరే సత్తిబాబూ, నీ గురించి చెడు ఏదైనా తెలిస్తే చెప్పమంటన్నాడురా. చెప్పీమంటావేటి?” సత్తిబాబు నోరు తెరిచాడు గాని మాట రాలేదు. “నెట్టు పోనాది,” అంది చిన్నమ్మి. పోలేదు, వాడి వెనక కిటికీ తెర ఊగుతూనే ఉంది. మాస్టారు కళ్లజోడు మళ్లీ నుదుటి మీదికి తోసి, కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశారు. లండన్ విమానమెక్కే ముందు ఆయన దగ్గర పట్టుకెళ్లిన లక్షన్నరలో సత్తిబాబు ఇంకా తొంభై వేలు ఇవ్వాలి.