స్లైడ్లను కోడ్‌లో రాసిన మేడం

తెనాలి కాలేజీకి ప్రొజెక్టర్ కొత్తగా వచ్చిన రోజుల్లో మాకు కంప్యూటర్ పాఠాలు చెప్పిన మేడం రోజూ రేపల్లె నుంచి రైల్లో వచ్చేవారు. అందరూ మౌస్‌తో స్లైడ్లు చేసుకుంటుంటే ఆవిడ మాత్రం వాటిని కూడా ప్రోగ్రాంలా కోడ్‌లో రాసేవారు. ఎక్కడో ఒక బ్రాకెట్ మూయడం మరిచిపోయేవారు. ఇక స్లైడ్లు వచ్చేవి కావు.

"ఒక్క నిమిషం ఆగండమ్మా, దొరికిపోతుంది" అంటూ తెరకు ముక్కు ఆనించి వెతికేవారు. ఈలోగా పీరియడ్ అయిపోయేది. మాకు అంతకన్నా ఇష్టమైన పీరియడ్ లేదు.

"మౌస్‌తో చేసుకోవచ్చు కదండీ?" అని ఒకసారి అడిగాను.

"ఏది ఎక్కడికి జరిపానో రేపటికి నాకే గుర్తుండదమ్మా" అన్నారు.

ఆ ఏడు సెమినార్‌కి బాపట్ల నుంచి పెద్దలు వచ్చారు. మేడం మాట్లాడబోతుండగా ప్రిన్సిపాల్‌గారు కంగారుగా వచ్చి, "ఏంటమ్మా, అరవై స్లైడ్ల మీదా కాలేజీ పేరు తప్పుంది!" అన్నారు. మేడం ఫైలు తెరిచి ఒకే ఒక్క అక్షరం మార్చారు. కాసేపటికి అరవై స్లైడ్లూ సరైన పేరుతో వచ్చాయి.

"ఇదెలాగమ్మా?" అని ఆయన నోరెళ్లబెట్టారు.

"పేరు ఒక్క చోటే రాశానండి" అన్నారు మేడం, కాస్త సిగ్గుపడుతూ. "తప్పు కూడా ఒక్కసారే చేశాను."