ఖలీల్ నిలువు బాక్సులు

ఖలీల్ చేసిన నిలువు బాక్సులు కొన్నవాళ్లు రెండు రకాలు. సిరిసిల్లలో కొన్నవాళ్లు ఆయన ఎక్కడ కనబడినా ఆపి చాయ్ తాగించి పొగిడేవారు. మిగతా ఊళ్లలో కొన్నవాళ్లు చాయ్ తాగించి తగువు పెట్టుకునేవారు. చాయ్ రెండు చోట్లా దొరికేది కాబట్టి ఆ తేడా ఏమిటో ఖలీల్ చాలాకాలం పట్టించుకోలేదు.

కోరుట్ల బస్టాండు వెనక సందులో ఆయన దుకాణం. టీవీకి అటొకటి ఇటొకటి నేలమీద నిలబెట్టే, నడుమెత్తు పాటల బాక్సులు ఆయన సొంత తయారీ. కంపెనీ బాక్సులు కొనాలంటే పొలం వైపు చూడాల్సి వచ్చే రోజుల్లో ఖలీల్ బాక్సులు బీడీలు చుట్టుకునే ఇళ్లలో కూడా దర్జాగా నిలబడ్డాయి. చెక్క లోపల కూరే నూలు పీచు సిరిసిల్లది. ముందు పరిచే గుడ్డ సిరిసిల్లది. ఆ మాటకొస్తే ఖలీల్ కూడా సగం సిరిసిల్లవాడే. కోరుట్లకు వచ్చి దుకాణం పెట్టకముందు పదహారేళ్లు అక్కడ సాంచాలు నడిపాడు. కరెంటు మగ్గాల్ని అక్కడివాళ్లు సాంచాలంటారు. ఒక్క షెడ్డులో ఇరవై సాంచాలు ఒకేసారి నడుస్తుంటే, పక్కవాడు చెవిలో నోరు పెట్టి అరిచినా వినబడదు.

ఖలీల్ బాక్సు బాగుందో లేదో చెప్పేది స్టీలు గ్లాసు. అంచుదాకా నీళ్లు పోసి బాక్సు మీద పెట్టి పాట వేసేవాడు. అరచెయ్యి చెక్క పక్కకు ఆనించి, చూపు నీళ్ల మీద పెట్టేవాడు. నీళ్లలో వలయాలు లేచి నడిమధ్యన చిందితే బాక్సు పాసైనట్టు.

"చెవిని నమ్మద్దు. నీళ్లను నమ్మాలె," అనేవాడు వచ్చినవాళ్లతో.

ఆ బాక్సులు అంత చవగ్గా రావడానికి ఇంకో కారణం ఉంది. సన్న గొంతుల కోసం కంపెనీవాళ్లు పైన ట్వీటరని ఓ చిన్న స్పీకర్ పెడతారు. ఖలీల్ కూడా మొదట్లో పెట్టి చూశాడు. తీగ కలిపి విన్నాడు, తీగ పీకి విన్నాడు. తేడా లేదు. గ్లాసులో నీళ్లు కూడా కదల్లేదు. ఇదంతా జనాన్ని ముంచే ఎత్తుగడేనని కంపెనీవాళ్లను నాలుగు తిట్టి, దాన్ని పీకి పారేసి, ఆ మేరకు ధర తగ్గించాడు. నిజాయితీపరుడు తప్పు చేస్తే ఇట్లాగే నిక్కచ్చిగా చేస్తాడు.

బాక్సులు అమ్మిన నెలకు కొన్నవాళ్ల ఇంటికి పోయి ఎట్లున్నాయో అడిగి రావడం ఆయన అలవాటు. మల్లాపూర్‌లో నర్సక్క ఒళ్లో పొగాకు చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే తల ఎత్తి చెప్పింది:

"ఖలీలన్నా, గీ బాక్సు పెడితే సాటల తంబాకు దానంతటదే ఒక దిక్కుకు పోతుంది."

ఖలీల్ ముఖం వెలిగిపోయింది. నర్సక్క తల దించి తునికాకు కత్తిరిస్తూ ఇంకో మాట కూడా అంది.

"కని పాటల ఏమంటున్రో సమజైత లేదు. ఆడామె పాడుతుందో మొగాయిన పాడుతుండో సుత ఎర్కైత లేదు."

ఈ మాటకు కూడా ఖలీల్ అదే వెలుగుతో తలూపి, చాయ్ తాగి లేచాడు. నర్సక్క ఆయన పోయిన దిక్కే చూస్తూ కూర్చుంది. బాక్సులమ్మే మనిషికి ఇంత పొగరా అని ఆమెకు చాలాకాలం కడుపులో ఉంది.

పెగడపల్లిలో హోటల్ నడిపే జనార్దన్‌ది వేరే గోస.

"దినాం ఒక్క గిలాస అల్మారీల నడుసుకుంట అచ్చి కిందవడుతుంది, భాయ్."

ఖలీల్ సుత్తె అడిగి తీసుకుని, అల్మారీ అంచుకు సన్నటి చెక్కపట్టీ కొట్టి, తప్పు అల్మారీదేనని తేల్చి వచ్చాడు.

సిరిసిల్లకు పోతే మాత్రం పండగే. ఒకప్పుడు పక్క సాంచా నడిపిన పోశం ఆయన్ని కావలించుకునేవాడు.

"భాయ్, నాతోని మాట్లాడేది గీ బాక్సొక్కటే. మిగిలినయన్ని గొణుగుతయి."

పాట వినడమంటే ఏమిటో సిరిసిల్లవాళ్లకే తెలుసని, మిగతావాళ్ల చెవులు ఇంకా అంతదాకా రాలేదని ఖలీల్ తీర్మానించుకున్నాడు.

ఇంట్లో ఆయన అదృష్టానికి తక్కువ లేదు. భార్య సకీనాబీ ఏ మాట చెప్పాలన్నా ముందు భుజం మీద చెయ్యి వేసి, ఎదురుగా వచ్చి, కళ్లలోకి చూసి చెప్పేది. ఇరవై రెండేళ్ల కాపురం తర్వాత కూడా ఇంత ప్రేమ ఎవరింట్లో ఉందని మురిసిపోయేవాడు. ఒక్కగానొక్క బిడ్డ జేబా డిగ్రీ ఆఖరు సంవత్సరం. ఆమె కూడా తండ్రితో అట్లాగే మాట్లాడేది. తల్లి పెంపకం అనుకునేవాడు.

ఇంతలో రెండువేల పదకొండు సెప్టెంబర్ వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనులూ సమ్మెలోకి దిగారు. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి, బొగ్గు బాయిలు బందై కరెంటు పోవడమే గాని రావడం తక్కువైంది. కోరుట్లలో రోడ్డు పక్కన టెంటు వేసి రిలే దీక్షలు మొదలుపెట్టారు. అడిగేదాకా ఆగకుండా ఖలీల్ తన బాక్సుల్లోకెల్లా పెద్ద జతను బండి మీద తెచ్చి టెంటుకు రెండు పక్కలా నిలబెట్టాడు. జనరేటర్ తీగ కూడా తానే కలిపాడు.

మొదట డప్పులు మోగాయి. బాక్సుల ముందు కూర్చున్నవాళ్ల చొక్కాలు కదిలాయి. ఊరంతా వచ్చి చేరింది. ఖలీల్ ఆ పూట నేలమీద నడవలేదు. తర్వాత ఉపన్యాసాలు. బాక్సుల్లోంచి దుమ్ము దుమ్ముమనే మోత తప్ప ఒక్క ముక్క రాలేదు. అయినా చప్పట్లకు లోటు లేదు, ఎందుకంటే వాళ్లు ఏం మాట్లాడతారో జనానికి ముందే తెలుసు.

చిక్కంతా జేబా పాడటానికి లేచినప్పుడు వచ్చింది. ఆ పాట ఆమె సొంతంగా కట్టింది. ఎవరూ వినని పాట. మాట మాటా వినబడితే తప్ప అందులో ఏముందో ఎవరికీ తెలియదు. పాడింది. జనం మెడలు సాచారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, పాట అయిపోయిందని అర్థమయ్యాక మర్యాదకు నాలుగు చప్పట్లు కొట్టారు. బీడీ కార్మికులతో దీక్షకు వచ్చిన నర్సక్క ఈసారి లేచి వచ్చి ఎదురుగా నిలబడింది.

"బిడ్డ గంత కష్టపడి పాడితే ఒక్క మాట సుత ఇనరాలే. నీ బాక్సులే మింగినయి. మల్లాపూర్ల చెప్పిన, ఇయ్యాల మల్ల చెప్తున్న."

ఈ మాట ఖలీల్‌కు స్పష్టంగా అందింది. ఒళ్లు మండింది.

"సిరిసిల్లల ఎవ్వరు గిట్ల అనలేదు," అన్నాడు.

ఆ ఆదివారం జగిత్యాలలో పెద్ద సభ ఉంది. జేబాను అక్కడ పాడటానికి పిలిచారు. వేదిక మీద తన బిడ్డ, కింద తన బాక్సులు, ఎదురుగా వేలమంది అని ఖలీల్ నిద్రలో కూడా చూసుకుంటున్నాడు. శిబిరం నడిపే సారు మాత్రం మొహమాటం లేకుండా చెప్పేశాడు. డప్పులకైతే ఖలీల్ బాక్సులు, జేబా పాటకు గొట్టం మైకులు. లేదంటే పాట వద్దు.

ఖలీల్ ఇంటికొచ్చి అన్నం ముందు అలిగి కూర్చున్నాడు. జేబా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అబ్బాజాన్, గీ పాట నువ్వు ఇనాలనే కట్టిన. ఏ మైకులనన్న కానియ్యి, నువ్వు ముందల కూసోవాలె."

బిడ్డ అంత మాటన్నాక బెట్టు చేసే తండ్రి కాదు ఖలీల్. కాకపోతే గొట్టం మైకుల్ని మాత్రం మనసులో క్షమించలేదు.

జగిత్యాలలో వెదురు బొంగులకు గొట్టాలు కట్టారు. ఖలీల్ ముందు వరసలో కూర్చున్నాడు. సిరిసిల్ల నుంచి డీసీఎం వ్యానులో దిగిన పోశం ఆయన పక్కన చోటు సంపాదించాడు. ఆడవాళ్లు రెండో పక్క. డప్పులకు ఇద్దరూ ఊగిపోయారు. జేబా వచ్చి మైకు నోటికి దగ్గరగా పట్టుకుంది. మైకు ఆమె మొహాన్ని సగం కప్పేసింది.

పాట నడుస్తోంది. ఉన్నట్టుండి సభంతా గొల్లున నవ్వింది. కోరుట్ల నుంచి వచ్చినవాళ్లు లేచి, పక్కకి వంగి ఖలీల్‌నే చూసి మరీ నవ్వారు. పోశం నవ్వుతున్నాడు. ఖలీల్ కూడా నవ్వాడు. అట్లా నవ్వుతూ ఉండగానే ఆడవాళ్ల వైపు కొంగులు కళ్లమీదికి పోయాయి. చప్పుడు అణిగిపోయింది. తుండుతో ముక్కు తుడుచుకుంటున్నవాళ్లు, తల వంచుకున్నవాళ్లు. అంత సభలో అప్పటికింకా నవ్వుతున్నవాళ్లు ఇద్దరే, ఖలీల్, పోశం.

ఖలీల్ నవ్వు మెల్లగా ఆపి పోశం వైపు తిరిగాడు.

"బిడ్డ ఏం పాడింది?"

"నాకేమెర్క, భాయ్. నువ్వు నవ్వుతున్నవని నేన్నవ్విన."

ఖలీల్ నవ్వింది పోశాన్ని చూసి. ఆ సంగతి ఆయన పోశానికి చెప్పలేదు. మొదటిసారి ఆయనకు భయం వేసింది.

వేదిక పక్కన తన బాక్సుల నీడలో కూలబడ్డాడు. సకీనాబీ వెతుక్కుంటూ వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, ఎదురుగా గొంతుక్కూర్చుంది. అడగకుండానే పాట మొదటి నుంచి, పాడినట్టు కాకుండా మాటలుగా చెప్పింది.

"నీళ్లడిగినం, కొలువులడిగినం, మా పాలు మాకియ్యమన్నం,
సాంచ మింగిన చెవులనెవల్ని అడగాలె, ఓ అన్నా.
ఒక్కసారి పిలిస్తె ఉలుకడు, రెండుసార్లు పిలిస్తె పలుకడు,
చాయ గిలాస సూపిస్తెనేమో సక్కగ లేచి వస్తడు.
బిడ్డ ఏడ్పు ఇనలేదని తండ్రి మీద కోపమొద్దు,
పదారేండ్లు గా చెవులల్ల సాంచనే ఏడ్చింది."

ఖలీల్ ఆమె పెదవుల మీదినుంచి చూపు తియ్యలేదు. అట్లా తియ్యకుండా చూడటం తనకు అలవాటని అప్పుడే తెలిసింది.

"ఎప్పటి సంది?" అన్నాడు.

"జేబా పుట్టినప్పటి సంది. పిల్ల ఏడ్చినప్పుడల్లా నేనే లేస్తుంటి. మొదలు మొద్దునిద్ర అనుకున్న. పిల్ల పెరిగినకొద్ది సమజైంది."

"మరి నాకు చెప్పలేదేంది?"

"చెప్పిన. నువ్వు ఇనలే."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. తర్వాత ఖలీల్ ఏడ్చాడు. చెవులు పోయాయని కాదు. చంటిపిల్ల పక్కలో ఏడుస్తుంటే తాను హాయిగా పడుకున్నాననీ, ఆ పిల్ల పెరిగి దానికి కోపం వద్దని ఊరందరికీ చెబుతోందనీ ఏడ్చాడు. సకీనాబీ ఎదురుగా వచ్చి మాట్లాడటం సంగతి కూడా అప్పుడే అర్థమైంది. అది ప్రేమ కాదేమోనని ఒక్క నిమిషం అనుమానపడ్డాడు గాని, మళ్లీ ఆలోచిస్తే అంతకు మించిన ప్రేమ ఏముంటుందో ఆయనకు తోచలేదు.

మరునాడు ట్వీటర్లు తెచ్చాడు. కంపెనీవాళ్లను తిట్టిన నాలుగు తిట్లూ వెనక్కి తీసుకున్నాడు. బాక్సు మీది గ్లాసు దించేసి, ఎదురుగా జేబాను కూర్చోబెట్టాడు. సన్న గొంతు తక్కువైతే ఆమె చెయ్యి పైకి ఎత్తేది, కీచుమంటే కిందికి దించేది. నీళ్లను చూసే కళ్లతో ఆయన ఆ చేతిని చూస్తూ తీగలు కలిపాడు. తేడా ఏమిటో ఆయనకు ఈసారి కూడా తెలియలేదు. బిడ్డ చెయ్యి కదలకుండా ఆగినచోట తానూ ఆగాడు.

తర్వాత ఊరూరా తిరిగి పాత బాక్సులకు కూడా చిల్లు పెట్టి ట్వీటర్ బిగించి వచ్చాడు. నర్సక్క ఒక పాట పూర్తిగా విని, ఆకు పక్కన పెట్టి, తల ఎత్తి చెప్పింది:

"ఇప్పుడు మంచిగ సమజైతుంది, అన్నా. కని పాటల గంత గనం ముచ్చటేం లేదు. ఇన్నొద్దులు ఏందో ఉందనుకున్న."

జనార్దన్ గ్లాసులు పట్టీ వెనకే ఉన్నాయి. సిరిసిల్లలో పోశం మాత్రం కొత్త బాక్సు ముందు కూర్చుని, ఎప్పటి లెక్కనే ఉందని మెచ్చుకున్నాడు.

కోరుట్లలో శిబిరం ఎత్తేసే రోజు జేబా మళ్లీ పాడాలన్నారు. ఈసారి గొట్టాలు లేవు. ఖలీల్ బాక్సులే. ఆయన ముందు వరసలో కూర్చుని, పాట మొదలయ్యే ముందు లేచి వెళ్లాడు.

"మైకు జెర కిందికి పట్టు, బిడ్డా. నీ మూతి కనవడాలె."

జేబా మైకును గడ్డం కిందికి దించింది. బాక్సులు ఆమె మాటల్ని రోడ్డు అవతలిదాకా తీసుకుపోయాయి. ఖలీల్ వాటిని ఆమె పెదవుల దగ్గరే అందుకున్నాడు. చాయ గిలాస దగ్గర అందరికంటే ముందు నవ్వింది ఆయనే. ఆఖరు చరణానికి అందరితో పాటే ఆయన కళ్లూ నిండాయి.

శిబిరం చూసిపోదామని వచ్చిన పోశం పక్కనుంచి మోచేత్తో పొడిచాడు.

"ఏమన్నది, భాయ్?"

ఖలీల్ పోశం భుజం మీద చెయ్యి వేసి, వరస దాటి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. వెలుతురు తన మొహం మీద పడేటట్టు కొంచెం జరిగి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.