అప్పలనరసమ్మ బరకం

ఉదయం ఆరుంపావుకి విశాఖ కాంప్లెక్సులో చోడవరం బస్సెక్కాను. వెనక చక్రం మీది సీటు దొరికింది. మీరు వెళ్తే ఆ సీటు మాత్రం వద్దు. దారిలో ప్రతి గొయ్యీ నడుముకి పేరుపేరునా పరిచయమవుతుంది.

ఈ ప్రయాణానికి కారణం నా చదువు. ఒక వీధి వాళ్ళు కాంట్రాక్టరు లేకుండా, ఒకరి ఇంటికి ఒకరు పనిచేసుకుంటూ ఇళ్ళు కట్టుకుంటున్నారనీ, సెంట్రింగు సామాను అందరికీ ఉమ్మడి అనీ మా గైడు విన్నారు. "వెళ్ళి చూసి రా, వాళ్ళ పనికి అడ్డం పడకు" అన్నారు. మొదటి సగం పాటించాను.

ఎనిమిదింటికి చోడవరం. బస్టాండు ఎదుట ఇడ్లీ ముప్పై రూపాయలు, చట్నీ అడిగినన్ని సార్లు. అక్కణ్ణుంచి వడ్డాది వైపు షేర్ ఆటో, ఇరవై. ఆటోలో మేం ఆరుగురం, రెండు యూరియా బస్తాలు. మంచి సీట్లు బస్తాలకి దక్కాయి.

"ఎవలింటికి బాబూ?" అంది పక్కనున్న పెద్దావిడ.

"ఇళ్ళెలా కట్టుకుంటున్నారో చూడ్డానికండీ."

"అందులో సూడ్డానికేటుంది? గోడలెడతారు, కప్పేస్తారు."

నా పరిశోధన మొత్తం అంత పొట్టిగా ఇంకెవరూ చెప్పలేదు.

తొమ్మిదింటికి నేను దిగిన వీధిలో ఆ రోజు పైడితల్లి ఇంటికి స్లాబు. పైడితల్లి మనిషి పీలగా ఉంటుంది. ఉదయం నుంచీ ఆకాశం వంక తప్ప ఎవరి వంకా చూడలేదు. మిక్సరుకి కొబ్బరికాయ కొట్టారు. నిచ్చెన పొడవునా జనం వరసగా నిలబడి కాంక్రీటు గమేళాలు అందుకుంటున్నారు. నేను ఒక పక్కన నోటుపుస్తకం తీశాను.

"ఒరే బాబూ, ఆ పుస్తకం లోపలెట్టు. అప్పారావు టీ తాగడానికెల్లేడు, ఆడి జాగాలో నిలబడు" అంది నడుముకి కొంగు చుట్టుకున్న ఒకావిడ. ఆవిడే అప్పలనరసమ్మ. అప్పారావు టీ గంటన్నర తాగాడు.

గమేళాకీ గమేళాకీ మధ్య ఆవిడ్నే అడిగి తెలుసుకున్నాను. స్లాబు గట్టిపడేదాకా కింద నిలబెట్టే ఇనప రేకులు, సరుగుడు కర్రలు వీధి మొత్తానికి ఒకటే సెట్టు. చోడవరంలోని ఒక స్వచ్ఛంద సంస్థ కొనిచ్చింది. ఎవరి ఇల్లు ముందో చీటీలు తీస్తారు. ఒకరింటికి స్లాబు పడుతుంటే దాని బాధ్యత తర్వాతి వంతు మనిషిది. కర్రలు తడిమి చూడాలి, స్లాబుకి నీళ్ళు కట్టాలి, రేకులు ఊడదీసేదాకా కాపలా కాయాలి. ఆ కట్టుబాటు ఆడవాళ్ళు పెట్టుకున్నది. తర్వాతి వంతు అప్పలనరసమ్మది.

"ఒకరి మీద ఒకరికి అంత ప్రేమా పిన్నీ?" అన్నాను.

"ప్రేమేటి? ఆ రేకులు రేపు నాకు కావాల. ఆల స్లాబు సెడితే నా వంతెనక్కెల్లిపోద్ది." అంతటితో నా రెండో అధ్యాయం పూర్తయింది.

ఒంటిగంటకి భోజనం. అన్నం, పప్పు, కోడికూర, ఎవరూ పిలవకపోయినా నా ముందు విస్తరి. రెండున్నరకి ఆఖరి గమేళా పైకి వెళ్ళింది. మేస్త్రీ చెక్కతో పైన చదును చేస్తుండగా దేవరాపల్లి వైపు నల్లబడింది.

పచ్చి స్లాబు మీద గట్టి వాన పడితే సిమెంటు కొట్టుకుపోయి ఇసకా కంకరా మిగులుతాయి. మళ్ళీ వేయడానికి పైడితల్లి దగ్గర సిమెంటు లేదు. ఉన్న ప్లాస్టిక్ పట్టా సగానికే వచ్చింది. మిగతా సగం వంక చూస్తూ ఆవిడ మెట్టు మీద కూలబడింది.

అప్పలనరసమ్మ వీధి చివరికి నడిచింది. పాత ఇల్లు పడగొట్టుకుని, తన వంతు వచ్చేదాకా అక్కడొక పాకలో ఉంటోంది. పాకకి కప్పంటే నీలం బరకం ఒక్కటే. దాని తాళ్ళు కొడవలితో తెగ్గోసింది.

"ఒదినా, నీ సామానో?" అని అరిచింది పైడితల్లి.

"నా సామాను ఆరబెడితే ఆరతాది. నీ స్లాబు ఆరతాదేటి? లెగు!"

గొప్ప ఘట్టం చూస్తున్నానని తెలుస్తూనే ఉంది. అంతలో ఆవిడ నా వైపు తిరిగింది. "అలా నోరు తెరుసుకుని సూత్తావేటిరా? ఆ మూల అట్టుకో!"

బరకాన్ని పచ్చి స్లాబుకి తగలకుండా చుట్టూ ఎత్తుగా పట్టుకుని ఎనిమిదిమందిమి పక్క డాబాల మీదా నిచ్చెనల మీదా నిలబడ్డాం. మిగతావాళ్ళు పాకలోంచి బియ్యం బస్తా, స్టవ్వు, టీవీ ఆడవాళ్ళ సంఘం గదిలోకి మోశారు. మంచం మాత్రం తడిసింది. వాన నలభై నిమిషాలు కురిసింది. నా మూలలోంచి నీళ్ళు సరిగ్గా నా కాలరులోకి దిగాయి. పక్కనున్న అప్పారావు "నేను పట్టుకుంతాను, టీ తాగొస్తావా?" అన్నాడు.

తెరిపిచ్చాక మేస్త్రీ బొటనవేలితో అక్కడక్కడా నొక్కి చూశాడు. "ఏటీ కాలేదు. నిలబడింది" అన్నాడు. పైడితల్లి అప్పలనరసమ్మ చెయ్యి పట్టుకుంది. "సాల్లే, ఈ రాత్రికి బరకం స్లాబు మీదే కప్పి ఉంచండి, మల్లీ వస్తాదేమో" అని ఆవిడ చెయ్యి విడిపించుకుంది.

అయిదింటికి బయల్దేరాను. పైడితల్లి పొడి చొక్కా ఇచ్చింది, వాళ్ళాయనది. అందులో నాలాంటివాడు ఇంకొకడు పడతాడు. చోడవరంలో బస్సెక్కితే పక్కాయన నా గోళ్ళలోని సిమెంటు చూసి "మేస్త్రీవా?" అన్నాడు.

"కాదండీ, పరిశోధన."

"పోన్లే, పని నేర్సుకుంతన్నావు" అని ఓదార్చాడు.

నేర్చుకున్నమాట నిజమే. అడక్కుండా తిండి పెట్టారు, నమ్మి ఒక మూల చేతికిచ్చారు. నా నోటుపుస్తకం తడిసి ముద్దయినా ఆ వీధికి నేనే బాకీ పడ్డాను.

సబ్బవరం దగ్గర మళ్ళీ వాన అందుకుంది. నాకు సొంతిల్లే లేదు, అయినా ఒక స్లాబు కోసం గుండె దడదడలాడింది. వచ్చేటప్పుడు తీసుకున్న నంబరుకి ఫోన్ చేశాను.

"ఇక్కడా దంచుతాంది. బరకం కదల్లేదు, నేనిక్కడే కూకున్నాను" అంది అప్పలనరసమ్మ. "అది సరేగానీ, నువ్వు తడవలేదు గదా?"

"లేదు పిన్నీ, బస్సుకి కప్పుంది."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ పకపకా నవ్వింది.

"అయితే కిటికీ యేసుకుని బాగా కూకో" అంది.