గొడుగులమ్మ రేకు డబ్బా

గొడుగులమ్మ ఇల్లెక్కడని అడిగితే వీధిలో ఎవరైనా చూపిస్తారు. మేడ మీద కాపురం, కింద గొడుగులు తయారుచేసే షెడ్డు. గొడుగు తెరిచిన చప్పుడు వింటే చాలు, ఏ ఊచ వదులైందో చెప్పేస్తుంది. చెప్పి ఊరుకోదు, ఎదుటివాళ్లచేత అవుననిపించేదాకా వదలదు.

ఆమె కోడలిగా వచ్చిన కొత్తలో షెడ్డు పెత్తనం మామగారిది. ఆయనకో ఊతపదం ఉండేది: "నేనప్పుడే చెప్పాను." సరుకు అమ్ముడుపోయినా అప్పుడే చెప్పారు, మూలపడినా అప్పుడే చెప్పారు. ఎవరికి చెప్పారో ఆ షెడ్డు గోడలకి కూడా తెలియదు. పాపం, ఆయన అబద్ధమాడేవారు కాదు. నిజంగానే చెప్పాననుకునేవారు. ఆ మాట పడలేక ఇద్దరు మంచి పనివాళ్లు మానేశారు. రెండోవాడు వెళ్లిన రోజున కోడలికి ఒళ్లు మండి, ఖాళీ బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద ఠపీమని పెట్టింది.

"మావయ్యా, ఇకనుంచి ఏ పని మొదలెట్టాలన్నా ముందు ఎవరి మాట వాళ్లు చీటీ మీద రాసి ఇందులో వెయ్యాలి. చేద్దామా వద్దా, ఎందుకు, పదిలో ఎన్ని పాళ్లు నమ్మకం. పక్కవాళ్లని అడక్కూడదు. చీటీలు వేశాకే మాట్లాడుకుని తేల్చుకుందాం. తర్వాత ఫలితం మంచయినా చెడయినా, డబ్బా తెరిచి చదివేదాకా ఎవరూ ఎవర్నీ ఏమీ అనకూడదు."

"నేను కూడా రాయాలా?"

"ముందు మీరే రాయాలి."

నెల రోజులు మొహం ముడుచుకున్నారు గానీ, రాశారు. ఆ డబ్బా పుణ్యమా అని షెడ్డులో ఎన్నో ఏళ్లు గొడవల్లేకుండా గడిచాయి.

ఈ ఏడు తేలిక ఊచల గొడుగులు చేశారు. శాంపిల్ తెచ్చింది మేస్త్రి. ఇరవై రెండేళ్లుగా ఆ షెడ్డులో ఊచలు బిగిస్తున్న మనిషి. మొదటి వానకే గాలి ఈడ్చి కొట్టింది. కొన్నవాళ్ల చేతుల్లో గొడుగులన్నీ తిరగబడిపోయాయి. మర్నాడు పొద్దున్నే దుకాణాలవాళ్లు కట్టలు కట్టలుగా తెచ్చి షెడ్డు గుమ్మంలో పడేసి పోయారు.

గొడుగులమ్మ మెట్లు దిగుతూనే ఆ గుట్ట చూసింది. కోపం నషాళానికి అంటింది.

"ఇవి గాలికి ఆగవని నేనప్పుడే చెప్పాను. మీరు వింటేగా, మేస్త్రీ! రేపట్నుంచి పనిలోకి రావద్దు."

"నిజమేనమ్మా. నాకైనా అప్పుడే తెలిసుండాల్సింది" అంటూ మేస్త్రి ఏప్రన్ ముడి విప్పి బల్ల మీద పెట్టాడు. కుట్టుమిషన్లు ఆగిపోయాయి.

మూల కుర్చీలోంచి మామగారు చేతికర్రగా వాడే గొడుగుతో నేల మీద టకటకా కొట్టారు. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి.

"అమ్మాయ్, ఇందాక ఏమన్నావ్?"

"నేనప్పుడే..." అని ఆగిపోయింది గొడుగులమ్మ.

ఆయన గొడుగు కొనతో బల్ల మీది డబ్బా చూపించారు.

అప్పటికీ ఆమెకు అనుమానం లేదు. గాలి సంగతి తాను రాసిందన్న ధీమాతోనే మూత తీసి, తన చీటీ పైకి చదివింది. "తీసుకుందాం. చేతికి బరువుండవు, బస్సుల్లో తిరిగేవాళ్లకి హాయి. తొమ్మిది పాళ్లు." అక్షరాలు తనవే. గాలి ఊసే లేదు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. అయినా గొంతు తగ్గించలేదు, మేస్త్రి చీటీ కూడా అంతే గట్టిగా చదివింది. "బాగున్నాయి గానీ గాలిలో చూడలేదు. పదింటిని వారం రోజులు డాబా మీద ఉంచి చూద్దాం. ఆరు పాళ్లు."

"ఇది నేనే రాశానా?" అన్నాడు మేస్త్రి తెల్లబోయి.

మూడో చీటీ మామగారిది. "వద్దు. పది పాళ్లు."

షెడ్డంతా ఆయన వైపు తిరిగింది. ఆయన జన్మకంతటికీ నిజంగా అప్పుడే చెప్పిన రోజు ఇదొక్కటే. కావాలంటే సాయంత్రం దాకా ఆ మాటే అనుకుంటూ కూర్చోవచ్చు, ఎవరూ కాదనరు.

"కింద ఇంకో ముక్క ఉంది, అదీ చదువు" అన్నారాయన.

"పిడి రంగు నాకు నచ్చలేదు."

"అదమ్మా సంగతి. గాలి గురించి నాకేం తెలుసు? ఆ రోజు మనలో ఎవరికీ తెలీదు."

ముందు కుట్టుమిషన్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. మేస్త్రి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

గొడుగులమ్మ బల్ల మీది ఏప్రన్ తీసి అతని చేతికిచ్చింది.

"తప్పు నాది, మేస్త్రీ. డబ్బా తెరవకుండా నోరు జారాను. అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే ఒప్పుకుంటున్నాను. ఈ ఊచలు తిరగబడకుండా అడ్డకట్టు వేసి, మీరన్నట్టే పది గొడుగులు డాబా మీద పెట్టి చూద్దాం. నిలుస్తాయంటారా?"

"ఇప్పుడే ఎలా చెబుతానమ్మా, మీరు వినేస్తారుగా!" అన్నాడు మేస్త్రి. ఏప్రన్ ముడి బిగించుకుని, చీటీ కోసం చెయ్యి చాపాడు.