ఆర్మిల్డా అత్త నోట పడ్డవాళ్లు

ఆర్మిల్డా కాడిల్ ఇరవై రెండేళ్లు రేడియోలో పాడింది కానీ, పాట మధ్యలో ఎవరో ఒకరిని తిట్టకుండా ఒక్కటంటే ఒక్క కార్యక్రమం కూడా ముగించలేదు. పక్కన కూర్చుని గిటారు వాయించినవాణ్ని, నేను చెబుతున్నాను. మా కెంటకీ కొండల్లోంచి రేడియోకెక్కిన మొదటి ఆడమనిషి ఆవిడే. బాంజో పట్టుకుని రికార్డిచ్చిన మొదటి ఆడమనిషీ ఆవిడే. ఇవాళ తళతళలాడే చొక్కాలేసుకుని కంట్రీ పాటలు పాడేవాళ్లంతా ఆవిడ వేసిన దారినే నడుస్తున్నారు. ఆ తిట్లు మాత్రం ఎవరికీ పట్టుబడలేదు.

శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి మా కార్యక్రమం. గోధుమపిండి ప్రకటన అయిపోగానే పాట మొదలు. పాటలో ప్రియుడు పిల్లని ఏటి ఒడ్డుకి తీసుకెళ్లేవాడు. ఇక నీళ్లలోకి తోసేస్తాడనగా బాంజో టక్కున ఆగిపోయేది.

“ఒరే కార్బెట్! నా రంపం పట్టుకెళ్లి ఎన్నాళ్లయిందిరా? దాంతో కూర్చుని గోళ్లు కోసుకుంటున్నావా?”

ఆ తర్వాత బాంజో మళ్లీ అందుకునేది, పిల్ల మునిగిపోయేది.

స్టేషను మేనేజరు ప్రూయిట్‌ వారం వారం తల పట్టుకునేవాడు.

“అమ్మా, ఇది రేడియో. మూడు జిల్లాలు వింటాయి.”

“అందుకే కదయ్యా ఇక్కడ చెప్పడం. కార్బెట్ ఒక్కడే వినాలంటే వాడి దగ్గరికెళ్లే చెబుదును.”

“పిండి కంపెనీవాళ్లు బాధపడుతున్నారు.”

“వాళ్ల పిండిలో పురుగులున్నాయని నేనేమైనా అన్నానా?”

“అనలేదు.”

“మరింకేం? తలుపెయ్యి, పాడాలి.”

ఒకసారి ప్రూయిట్ ఆవిణ్ని నిజంగానే తీసేసి, మర్యాదగా పాడే ఒకమ్మాయిని పెట్టాడు. రెండు వారాలకే మా ఆడవాళ్లంతా ఆ పిండి కొనడం మానేశారు. మూడో వారం ప్రూయిటే కారేసుకుని అత్త ఇంటికొచ్చాడు. ఆ శనివారం ఆవిడ మొట్టమొదట తిట్టింది ప్రూయిట్‌నే.

ఆవిడ నోట పడ్డవాడికి ఆ వారమంతా తీరికుండేది కాదు. రేడియో కట్టేయగానే జనం బయల్దేరేవాళ్లు. రంపం చూడ్డానికని కొందరు, వెక్కిరించడానికని కొందరు, ఊరికే వచ్చిందెవరో చూడ్డానికని మిగతావాళ్లు. వచ్చినవాళ్లు వరండాలో కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేవాళ్లు కాదు.

మా క్రేన్ ఫోర్క్ లోయలో అంతకు మించి నవ్వుకోవడానికి ఏమీ లేదు. మగవాళ్లని బొగ్గుగని మింగేది, ఇళ్లని ఏరు మింగేది, పసిపిల్లల్ని జ్వరాలు మింగేవి. నలభై అయిదు మార్చిలో నాలుగో గని పేలి పద్నాలుగు మంది పోయారు. అందులో ఇద్దరు హైరమ్ స్టాంపర్ కొడుకులు. ఆయన భార్య అంతకు ముందే పోయింది. పెట్టెలు తెరవొద్దని గనివాళ్లు చెప్పారు. తెరవకుండానే మంగళవారం పాతిపెట్టాం. హైరమ్ ఇంటికెళ్లి తలుపేసుకున్నాడు. మేమెవ్వరం వెళ్లలేదు. వెళ్లి ఏం మాట్లాడాలో తెలిస్తే కదా.

శనివారం పాట మధ్యలో బాంజో ఆగింది.

“హైరమ్ స్టాంపర్! నా చుక్కల కోడి నీ కుండలో ఉడుకుతోందని నాకు తెలుసు. వాసన ఇక్కడికి కొడుతోంది!”

 మళ్లీ ప్రకటన వచ్చేదాకా ఆగి, “అత్తా, ఆయన కొడుకుల్ని పాతిపెట్టి నాలుగు రోజులేగా” అన్నాను.

“కొడుకులు పోతే కోళ్లెత్తుకుపోవచ్చా?” అంది తీగ బిగించుకుంటూ.

దాచడమెందుకు, ఆ రోజు ఆవిడంటే నాకు అసహ్యం వేసింది.

అరవై ఒకటిలో అత్త పోయింది. మా దగ్గర మనిషిని పాతిపెట్టిన ఏడాదికి గుడిలో మీటింగు పెట్టి, పోయినవాళ్ల గురించి ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. మా గుడిలో వాయిద్యాలు నిషిద్ధం. బాంజోతో బతికినావిడ సంస్మరణకి బాంజో పనికిరాదన్నమాట. ఈ సంగతి వింటే అత్త పాస్టరుగారిని మూడు జిల్లాలకీ వినబడేలా కడిగేసేది.

మీటింగుకి రెండు రోజుల ముందు, పొద్దున్నే హైరమ్ మా వరండా మెట్లెక్కాడు. నాలుగు మెట్లకి మూడుసార్లు ఆగాడు.

“ఒరే ఎస్టిల్, చలికాలం దాటనని డాక్టరు చెప్పేశాడు. ఛాతీ నిండా బొగ్గే. పదిహేడేళ్ల నుంచి అందరూ నన్ను కోడిదొంగంటున్నారు. ఆ పేరుతో గోతిలోకి దిగను. నేను తియ్యలేదని నువ్వు లేచి చెప్పాలి.”

“నేనెలా చెప్పను మామా? ఆవిడ సంస్మరణలో ఆవిణ్నే అబద్ధాలకోరు అనమంటావా?”

“అయితే నేనే అంటా.”

అన్నంత పనీ చేశాడు. మీటింగులో మొదటి పాట అయిపోయిందో లేదో ముందు బెంచీ పట్టుకుని లేచాడు.

“ఆ కోడిని నేను తియ్యలేదు. దేవుడి ఇంట్లో నిలబడి చెబుతున్నా. చచ్చేలోపు మీరంతా ఒప్పుకోవాలి.”

 అప్పుడు వెనక బెంచీలోంచి కార్బెట్ గొంతు వినబడింది.

“నిజంగా తియ్యలేదా? మరి మీరందరూ నిజంగానే తీశారు, నేనొక్కణ్నే తియ్యలేదు అనుకుంటూ బతికానే ఇన్నాళ్లూ! రంపం మొహం నేను చూడలేదు.”

“నేను మాత్రం ఆవిడ దుప్పటి చూశానా?” అంటూ విధవరాలు జోరా లేచింది. “మా పాపని పాతిపెట్టిన వారంలో నన్ను దుప్పటి దొంగంది. రేడియో పగలగొడదామనుకున్నా.”

“నన్నూ వరదొచ్చిన వారంలోనే,” అన్నాడు కార్బెట్. “ఇల్లూ పోయింది, మా ఆవిడా పోయింది. కర్ర ముక్క లేనివాడికి రంపమెందుకు?” అని అక్కడితో ఆగిపోయాడు. 

నాకు అప్పుడు వెలిగింది. ఇరవై రెండేళ్లు ఆ ఇంటికి పాటలు సాధన చెయ్యడానికి వెళ్లాను. ఆ వాకిట్లో ఒక్క కోడిని చూడలేదు. ఈక ముక్కు దగ్గరికొస్తే చాలు, అత్త పదిహేను తుమ్ములు తుమ్మేది. ఈ సంగతి తెలిసి కూడా ఇన్నేళ్లు ఆలోచించని నన్ను ఏమనాలి? లేచి అదే చెప్పాను. 

హైరమ్ మెల్లగా కూర్చున్నాడు. కూర్చునే మాట్లాడాడు.

“ఆ శనివారం తుపాకీ నా ఒళ్లో ఉంది. రేడియో కట్టడానికి కూడా లేవలేదు. అప్పుడావిడ ఆ మాటంది. ఒళ్లు మండిపోయింది. చావడం తర్వాత, ముందు ఈ ముసలిదానికి జవాబు చెప్పాలని లేచాను. తలుపు తీసేసరికి వాకిట్లో పదకొండు మంది ఉన్నారు. ఇదిగో ఈ జోరాయే, కోడిలోకి నంజుకోమని కుండెడు చిక్కుళ్లు తెచ్చింది. మీతో పోట్లాడేసరికే చీకటి పడింది. మర్నాడూ వచ్చారు. ఆ నెలంతా వచ్చారు.”

జోరా ఏడ్చింది.  పాస్టరు డిల్లార్డ్ గొంతు సవరించుకున్నాడు.

“సరే హైరమ్. నువ్వు కోడి తియ్యలేదని అందరి ముందూ ప్రకటించేస్తాను.”

హైరమ్‌కి దగ్గు తెర వచ్చింది. అది తగ్గేదాకా గుడి అంతా ఆగింది.

“తొందరపడకండి పాస్టరుగారూ. తీశాను.”

“ఇప్పుడేగా తియ్యలేదన్నావు!”

“అబద్ధమాడాను. తీశాను, వండాను, తిన్నాను.”

“రంపం నా దగ్గరే ఉంది,” అన్నాడు కార్బెట్.

“ఆ దుప్పటి ఎంత వెచ్చగా ఉంటుందో,” అంది జోరా, ముక్కు తుడుచుకుంటూ.

పాస్టరుగారికి పాలుపోలేదు. “అయితే హైరమ్, ఆ పాపం క్షమించమని ప్రార్థన చేద్దాం. కళ్లు మూసుకో” అన్నాడు.

“ఇప్పుడే ఒద్దండీ,” అన్నాడు హైరమ్. “అంత రుచైన కోడి తిని తప్పయిపోయిందంటే దేవుడు నమ్ముతాడా?”