స్పీకర్‌లో వచ్చిన హెల్ప్‌లైన్

బడి గోడ మీద రాసిన హెల్ప్‌లైన్ నంబరును చెరిపేయాలని మా ఊరి వాట్సాప్ గ్రూపులో పొద్దుటి నుంచి ఒకటే రచ్చ. ఈ గొడవకు మూలమైన ఫోన్ వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

పొద్దున్నే చక్కెర కోసం నాగప్ప అంగడికి వెళ్లాను. వానలు లేవు, సేద్యం లేదు, అందుకే అంగడి ముందు ఎప్పుడూ ఐదారుగురు ఉంటారు. నాగప్పకు ఫోన్ వచ్చింది. చేతులు తూకం మీద ఉంటాయని అతను ఎవరు ఫోన్ చేసినా స్పీకర్‌లోనే మాట్లాడతాడు. మా ఊళ్లో సగం మంది అంతే.

"పిల్లల హెల్ప్‌లైన్ నుంచండీ. బడిలో ఏడిపిస్తున్నారని నిన్న మీ పాప ఈ నంబరు నుంచి చెప్పింది. ఆ పిల్లల పేర్లు కావాలి."

ఎనిమిదో తరగతి చదివే అతని కూతురు భవాని లోపలి గుమ్మంలో జడ అల్లుకుంటూ అలాగే ఆగిపోయింది.

"మా పాప అట్లా చెప్పేది కాదు మేడం, రాంగ్ నంబర్" అని నాగప్ప ఫోన్ పెట్టేశాడు.

పప్పు కొనడానికి వచ్చిన సుజాతమ్మ గయ్యిమంది. ఆమె కొడుకుదీ అదే తరగతి. "పిల్లోల్లు ఆడుకుంటే దానికీ ఫోన్లు చేస్తారా? ఎవురిని అంటాండారప్పా మీరు?"

ఇక తలా ఒక మాట. గోడ మీద నంబరు రాయించిన హెడ్మాస్టర్‌ది తప్పని ఒకరు, తిరిగి ఫోన్ చేసినవాళ్లదని ఇంకొకరు. ఆ కేకల మధ్య భవాని మెల్లగా అడిగింది:

"ఈ పొద్దు బడికి పోవల్లా నాయనా?"

నాగప్ప చక్కెర పొట్లం కట్టి నా చేతికిచ్చాడు. కూతురి వైపు చూడలేదు.

గ్రూపులో వందల మెసేజీలు వచ్చాయి. బడికి పోవల్లా అన్న ఆ పాప ప్రశ్నకు జవాబు మాత్రం ఒక్కరూ రాయలేదు. మీకు తెలిస్తే మీరైనా రాయండి.