మచ్చు కాయలు మళ్లీ నా బస్తాలోకే

నా మచ్చు కాయలు మళ్లీ నా బస్తాలోకే వచ్చాయోచ్!

నలభై ఏళ్లుగా మిరపకాయలు మార్కెట్ యార్డుకు తెస్తున్నాను. మచ్చు చూస్తామని వ్యాపారులు ప్రతి బస్తాలోంచి దోసెడు కాయలు తీసేవాళ్లు. అవి తిరిగి వచ్చేవి కావు. అదే ఆనవాయితీ అనుకుని మేమూ నోరెత్తలేదు. ఈమధ్యే అక్కడ సూపర్‌వైజరుగా చేరిన మా అమ్మాయి సుజాత, తీసిన కాయలు తీసిన బస్తాలోనే పోయాలని పట్టుబట్టింది.

ఈ రోజు ఒక వ్యాపారి గుమాస్తా ఎదురు తిరిగాడు.

"ఏమ్మా, ఇది మీ తాతల నాటి పద్ధతి!"

"మా తాత కాయలు కూడా ఇట్టాగే పోయాయండి. ముందు బస్తాలో పోయండి!"

రైతులంతా ఘొల్లున నవ్వారు. ఆయన మూతి ముడుచుకుని పోశాడు.

తర్వాత సుజాత నా బస్తాల దగ్గరికొచ్చి, నేనెవరో తెలియనట్టు, "రైతుగారూ, మీ కాయలు మీకు ముట్టాయా?" అంది.

"ముట్టాయండి" అన్నాను.

కన్నకూతురిని 'అండి' అనడం ఇదే మొదటిసారి. ఎంత బాగుందో! మీరెప్పుడైనా అన్నారా?

ఈ కబురు అద్దంకి బావగారికి, తాడేపల్లి చెల్లెలికి, కొత్తపట్నం వియ్యంకుడికి చేరాలి. దాని చదువు మాన్పించమన్న మా పెద్దన్నయ్యకు అందరికన్నా ముందు చెప్పండి. కాస్త గట్టిగా చెప్పండి, ఆయనకు వినపడదు.